వరదగుడి

ఈ ఊళ్ళో చంద్రుణ్ణి చూసి పది రోజులైంది.
వ్యాసర్పాడి సబ్‌వేలో మోకాటిలోతు నీళ్ళు,
బస్సు చుట్టూ తిరిగి చేరేసరికి ఏడున్నర.
ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
ముఖాన కొట్టిన వెచ్చని, పులిసిన ఊపిరి.

పళ్ళెం మూత తీసి లైటుకెత్తి చూస్తాను.
ఆరిన గంజిలా పరుచుకున్న అగర్,
దాని మీద ఆరు కాగితం బిళ్ళలు,
రెండో పళ్ళెంలో ఇంకో ఆరు,
ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు.
మందు పనిచేస్తే చుట్టూ గుడి కడుతుంది,
క్రిమి మొలవని గుండ్రటి ఖాళీ,
అచ్చం చంద్రుడికి కట్టినట్టే.

మా అవ్వది సూళ్ళూరుపేట.
కొరుక్కుపేట మేడ మీద వడియాలు ఎత్తుతూ అనేది:
దూరపు గుడి దగ్గర వాన,
దగ్గర గుడి దూరపు వాన.
పంతొమ్మిదేళ్ళ నా ఉద్యోగం ఆ సామెతే,
కాకపోతే స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో.

ఇవాళ గుడి లేదు.
పన్నెండు బిళ్ళలకీ అంచుదాకా ఆనుకుని
బూడిదరంగు జిగట.
ఆర్, ఆర్, ఆర్ అని కొడుతూ పోయాను.
కీబోర్డు మీద ఆ అక్షరం ఎప్పుడో అరిగిపోయింది,
వేలికి దారి తెలుసు.

పెంచలమ్మ, నలభై ఆరు,
మూడో అంతస్తు, ఏడో మంచం.
పుళియాంతోపులో కాలవ పూడిక తీస్తుంటే
పాదంలో రేకు దిగింది.
ఇచ్చిన బూట్లు ఒకటి ఎనిమిదో నంబరు, ఒకటి పది.
మూలనున్న మందుల షాపు కుర్రాడు చీటీ అడగలేదు,
అట్ట కత్తిరించి నాలుగు మాత్రలిచ్చాడు.
రెండింటికే నొప్పి తగ్గింది.
మిగతా రెండూ కొంగున ముడేసుకుంది,
మళ్ళీ వస్తే ఉంటాయని.

ఆ రెండు మాత్రల మీదికి తోసెయ్యలేను నేను.
ఆ కాలవలో ఎన్ని ఆస్పత్రుల కడుగునీళ్ళు కలుస్తాయో,
మాదీ కలుస్తుంది.

డాక్టర్ ఎళిలరసి ఫోన్ చేసింది.
ఏదైనా మిగిలిందా అక్కా?

ఒకటుంది. కొలిస్టిన్.
మా అమ్మ పుట్టకముందు మందు.
కిడ్నీలు తినేస్తోందని అటకెక్కించారు,
మధ్యలో కోళ్ళ దాణాలో కలిపారు, బలుస్తాయని.
ఇప్పుడు దించి, దుమ్ము దులిపి
మంచం పక్కన వేలాడదీస్తున్నారు.
దీనికి గుడి నమ్మకూడదు, అగర్‌లో సరిగా పాకలేదు.
గుంటల పలకలో పోసి, రాత్రంతా ఆగి
ఏ గుంటలో నీళ్ళు తేటపడ్డాయో వెతకాలి.

మూడో గుంట.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను, తేటే.
అయినా ఎస్ అని కొట్టే వీల్లేదు,
మా పుస్తకం ఈ మందుకి ఐ దాకానే ఒప్పుకుంటుంది.
అటూ కాదు, ఇటూ కాదు.
ఐ అని కొట్టాను.

క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి.
ఒకటి పాయింట్ తొమ్మిది.
రెండు పాయింట్ ఎనిమిది.
రెండు కాలివేళ్ళు తీసేశారు.
తొమ్మిదో రోజు జ్వరం దిగింది.

రోగుల ముఖం ఎప్పుడూ చూడని దాన్ని
ఏదో కాగితం చేత పట్టుకుని పైకెళ్ళాను.
తెలుగు వినగానే మంచం మీద జరిగి చోటిచ్చింది.
నా రోగం పేరేందమ్మా?
క్లెబ్సియెల్లా, అన్నాను.
ఆడమనిషా, అంది,
ముందే చెప్పుంటే పొంగలి పెట్టి సాగనంపేదాన్నే.
నవ్వితే బాటిల్ గొట్టం కదిలింది.
కింద మూత్రం సంచి దాదాపు ఖాళీ.
నేనటు చూడ్డం ఆమె చూసింది.

ఇంటికొచ్చి స్టీలు డబ్బా తీశాను.
పోయిన ఏడాది జ్వరానికి నాకిచ్చినవి
ఇంకా మూడున్నాయి, అట్టలో.
చెత్తబుట్టలో వేస్తే కొడుంగైయూర్ గుట్టకి,
సింకులో వేస్తే కాలవకి.
బయట మళ్ళీ వాన మొదలైంది.
అవి అరచేతిలో పెట్టుకుని
వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను.